రహీం మాస్టారు, పోలీసు జట్టు, 1950 నాటి ఆట

చరిత్ర అనగానే మన వార్షిక సంచికల్లో నవాబులు, కోటలు, ఖాజీల వంశాలు వరుసగా వస్తూ ఉంటవి. వద్దనము. అయితే ఈ యేడు కార్యదర్శిగారు "ఏదన్నా చరిత్ర రాయండి మాస్టారూ" అన్నప్పుడు మాకు ఒక బడిపంతులుగారు గుర్తుకొచ్చినారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు హైదరాబాదు. పొద్దున పిల్లలకు పాఠాలు చెప్పడం, సాయంత్రం ఫుట్‌బాల్ ఆడించడం ఆయన పని. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950లో బొంబాయికి పోయి రోవర్స్ కప్పునూ, ఢిల్లీకి పోయి డ్యూరాండ్ కప్పునూ రెండింటినీ ఇంటికి తెచ్చుకున్నది. ఆ ఒక్క సీజను సంగతే మేము ముఖ్యంగా చెప్పదలచినాము.

రహీం సాహెబు పేరు ఇప్పుడు మన పిల్లలకు కొత్త కాదు. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవ్‌గణ్ ఆయన వేషం వేసినాడు. పిల్లలు చూసి మెచ్చుకున్నారు. సంతోషమే. కాని ఆ సినిమా కథ 1952 హెల్సింకీ ఒలింపిక్స్ ఓటమితో మొదలై 1962 జకార్తా బంగారు పతకంతో ముగుస్తుంది. అంతకు ముందే ఈ పంతులుగారు ఏం చేసి చూపించినారో అందులో లేదు. సినిమాలో లేనిది లేనట్టే అనుకునే రోజులివి, అందుకని ఈ నాలుగు మాటలు.

ఉర్దూ మాస్టారు తెలుగులో రాయడమేమిటని ఒకరిద్దరు మిత్రులు నవ్వినారు. ఏం జేస్తాం, మార్కాపురం, గిద్దలూరు, కంభం పక్కల మన ఇళ్ళలో చాలామందికి ఇంటి మాటే తెలుగు. ఉర్దూలో రాస్తే మా విద్యార్థులు చదవగలరేమో గాని, వాళ్ళ అమ్మలు చదవలేరు. ఇది ఇంటిల్లిపాదీ చదవవలసిన సంగతి.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న పుట్టినారు. చదివింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. ఆ విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైనదని మన పెద్దలకు తెలుసు. డాక్టరీ చదువు కూడా అప్పట్లో అక్కడ ఉర్దూలోనే చెప్పినారు. ఉర్దూలో చదివితే ఏమొస్తుందని ఈనాడు మమ్మల్ని అడిగే తల్లిదండ్రులున్నారు గనుక ఈ మాట ఎత్తినాము. ఆయన కాలేజీ రోజుల్లో విశ్వవిద్యాలయ జట్టులో ఆడినారు. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన ఉన్న సిటీ కాలేజీ పాత, కొత్త విద్యార్థులు కలిసి పెట్టుకున్న 'ఎలెవెన్ హంటర్స్' అనే జట్టులోనూ ఆడినారు. అంటే హైదరాబాదు ఫుట్‌బాల్ వేళ్ళు వెతికితే మనకు ముందుగా కనబడేవి కాలేజీ మైదానాలే. పుస్తకాలు చంకలో పెట్టుకొని వచ్చి, చెట్టు కింద పడేసి, చీకటిపడే దాకా ఆడుకున్న కుర్రాళ్ళ ఆట అది.

చదువు అయినాక ఆయన పంతులు ఉద్యోగంలో చేరినారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవి ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసినారు. 1943 ప్రాంతాల హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు, సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దే పని కూడా చేతికొచ్చింది. ఆ జట్టును ఆయన చనిపోయేదాకా, అంటే ఇంచుమించు ఇరవై యేండ్లు, విడవలేదు.

ఇక ఆయన ఏం నేర్పినారో చూడాలి. ఆ కాలంలో మన దేశంలో మంచి ఆటగాడంటే బంతిని కాలికి అంటించుకొని నలుగురిని తప్పించుకుంటూ పరుగెత్తేవాడు. జనం చప్పట్లు కొట్టేదీ వాడికే. రహీం సాహెబుకు ఇది నచ్చలేదు. మనిషి కంటే బంతి వేగంగా పోతుంది, కనుక బంతినే పరుగెత్తించాలి, ఇదీ ఆయన పద్ధతి. అందుకని చిన్న చిన్న పోటీలు పెట్టించేవారు. ఒకదాంట్లో బంతి తగిలిన వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి, ఆపుకొని ఆడితే తప్పు. ఇంకొకదాంట్లో కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. పొట్టి పిల్లలకు వేరే పోటీలు, ఎత్తును బట్టి. పెద్ద మైదానాలు, ఖరీదైన సామాను అక్కరలేని చదువు ఇది. పంతుళ్ళకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. ఎడమచేత్తో పలక మీద అక్షరాలు దిద్దిస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటిది! మొదట వంకరటింకర. ఆరు నెలలకు రెండు చేతులూ ఒకటే.

జట్టులో ఉన్నవారంతా పోలీసు ఉద్యోగులు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయఖ్, మొయినుద్దీన్ వంటి మనవాళ్ళ పేర్లు చెబుతూ నార్బర్ట్, పాట్రిక్ వంటి క్రైస్తవ సోదరుల పేర్లు వదిలేస్తే అది చరిత్ర కాదు. సికింద్రాబాదు కంటోన్మెంటు నుంచి, పాతబస్తీ నుంచి, గల్లీ గల్లీ నుంచి ఏరిన జట్టు అది. ఆటవల్ల ఉద్యోగం దొరికింది, ఉద్యోగంవల్ల ఇంట్లో పొయ్యి వెలిగింది. పేదింటి పిల్లవాడికి ఆట అనేది తీరికవాళ్ళ వేడుక కాదు. కొలువు. ఈ లంకె తెగిపోయిన తరవాత ఏమైందో ముందుకు చెబుతాము.

1950 అనగానే ఆ సంవత్సరం ఎటువంటిదో కూడా తలచుకోవాలి. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. పోలీసు చర్య అన్నారు. ఆ ముందూ వెనుకా రెండు వైపులా ఎందరి ఇళ్ళు కూలినవో, ఆ గాయాలన్నీ ఇక్కడ విప్పబోము. అది వేరే వ్యాసం, ఇంకా పెద్ద గుండె కావాలి. ఇంతమట్టుకు చెబుతాము: సంస్థానపు కొలువుల మీద బతికిన ముస్లిం కుటుంబాలు వేలాదిగా దిక్కు తోచకుండా ఉండినవి. కొందరు కరాచీ వెళ్ళినారు. కొందరు సామాను కట్టుకొని కూడా కదలలేకపోయినారు. 1949లో జాగీరులు రద్దయినవి. 1950 జనవరి 26న దేశం గణతంత్రమైంది. ఇక హైదరాబాదీ ముసల్మాను ఈ దేశంలో ఎవరు, ఎక్కడ నిలబడాలి అనే ప్రశ్న ప్రతి ఇంటి చబుత్రా మీదా ఉండినది.

ఆ ప్రశ్నకు ఉపన్యాసాలతో జవాబులు చెప్పినవారు చాలామంది. పోలీసు జట్టు మాత్రం రైలెక్కి పోయి ఆడి వచ్చింది.

రోవర్స్ కప్పు, డ్యూరాండ్ కప్పు అంటే ఏమిటో కొత్తవారికి చెప్పాలి. రెండూ తెల్లవాళ్ళ సైనిక పటాలాల కోసం పుట్టిన పోటీలు. డ్యూరాండ్ 1888లో సిమ్లాలో మొదలైంది. రోవర్స్ బొంబాయిలో, కొద్ది యేండ్ల తరవాత. ఎన్నో దశాబ్దాలు పటాలాలే గెలుస్తూ వచ్చినవి. రోవర్స్‌లో ఆ కోట పగలగొట్టిన మొదటి భారతీయ పౌర జట్టు బెంగుళూరు ముస్లిమ్స్, 1937లో. మరుసటి యేడూ వాళ్ళే గెలిచినారు. డ్యూరాండ్‌లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగు 1940లో రాయల్ వార్విక్‌షైర్ పటాలాన్ని 2-1తో ఓడించి మొదటి భారతీయ పౌర విజేత అయినది. ఆ రోజుల్లో మహమ్మదన్ స్పోర్టింగు అంటే మనవాళ్ళకు ఎంత అభిమానమో మా తాతగారి తరంవారు చెప్పేవారు. కలకత్తా లీగు 1934 నుంచి 1938 దాకా వరుసగా అయిదేండ్లు వాళ్ళదే. తరవాత యుద్ధం, దేశ విభజన. డ్యూరాండ్ దాదాపు పదేండ్లు ఆగిపోయి, స్వాతంత్ర్యం వచ్చిన తరవాత మొట్టమొదటిసారిగా 1950లో ఢిల్లీలో మళ్ళీ జరిగింది. కాబట్టి అది మామూలు పోటీ కాదు. కొత్త దేశంలో మొదటి డ్యూరాండు.

ఫైనలులో పోలీసు జట్టుకు ఎదురుగా నిలిచింది మోహన్ బగాన్. 1911లో తెల్లవాళ్ళ ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన జట్టు, దేశమంతా తలెత్తి చూసే జట్టు. దానికి ఎదురుగా హైదరాబాదు నుంచి వచ్చిన పోలీసు జవాన్లు. మొదటి రోజు 1-1తో సరిసమానం. ఇప్పటిలాగా వరుసగా పెనాల్టీలు తన్ని తేల్చుకునే ఆచారం అప్పుడు లేదు. మళ్ళీ ఆడవలసిందే. రెండవసారి పోలీసు జట్టు 1-0తో గెలిచింది. ఒక్క గోలు. అంతే. ఆ యేడే బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా వాళ్ళదే అయింది.

ఒక్కసారి గెలిస్తే అదృష్టం అనవచ్చు. రోవర్స్ కప్పును ఈ జట్టు 1950, 51, 52, 53, 54, వరుసగా అయిదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ మళ్ళీ 1954లో, 1957లో, 1961లో వచ్చింది. రాష్ట్రం పేరు మారిన తరవాత జట్టు పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది గాని మాస్టారు ఒక్కరే.

ఇక్కడ ఒక ముచ్చట. అదే 1950లో బ్రెజిల్‌లో ప్రపంచ కప్పు జరిగింది. తోటి దేశాలు తప్పుకోవడంవల్ల మనకు చోటు దొరికింది, అయినా మనవాళ్ళు వెళ్ళలేదు. "బూట్లు లేకుండా ఆడనివ్వమన్నారట, అందుకే పోలేదట" అని టీ బంకుల దగ్గర ఈనాటికీ వింటున్నాము. కథ వినడానికి బాగుంటుంది గాని అసలు సంగతి అది కాదు. ఓడ ప్రయాణం నెలల తరబడి, ఆ ఖర్చు, ఆ శ్రమ ఒక పక్క. మన పెద్దలకు ఒలింపిక్స్ మీద ఉన్న గురి ప్రపంచ కప్పు మీద లేకపోవడం ఇంకో పక్క. బూట్ల దెబ్బ నిజంగా తగిలింది రెండేండ్ల తరవాత. 1952లో హెల్సింకీ చలిలో మన జట్టులో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడినారు. అప్పుడు గాని బూట్లు తప్పనిసరి కాలేదు. ఆ జాతీయ జట్టుకు కూడా రహీం సాహెబే శిక్షకులు. అంతకు ముందు 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టుకూ ఆయనే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయఖ్ ఆ జట్టులో ఉన్నారు. సిటీ పోలీసు జట్టు అయినదంటే ఇంచుమించు దేశం జట్టుకు నారుమడి అయినట్టే.

మన ప్రాంతపు వాళ్ళకు ఒక సందేహం రావచ్చు. 1950లో హైదరాబాదుకూ మనకూ ఏం సంబంధం? నిజమే. అప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండినవి, ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండినది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రకాశం జిల్లా 1970లో గాని పుట్టలేదు. మనవాళ్ళకు కాలేజీ అంటే కర్నూలే. డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు 1947లో అక్కడ స్థాపించిన ఉస్మానియా కాలేజీ మన పక్కల ఎన్నో ఇళ్ళలో మొదటి బి.ఏ.ను పుట్టించింది. హైదరాబాదు అంటే పరాయి సంస్థానం, నిజాము నాణెం, వేరే లోకం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మనం, హైదరాబాదు ఒకే రాష్ట్రమైనాము. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత గడ్డ మీద 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టినాడు, కిట్టు ఒకటి. ఒలింపిక్ సెమీఫైనలుకు చేరిన మొదటి ఏషియా దేశం మనదే. సెమీఫైనలులో యుగోస్లావియాపై ముందు గోలు కూడా మనదే, చివరికి 1-4తో ఓడినాము. బల్గేరియా చేతిలో 0-3తో కంచు పతకమూ పోయింది. ఆ జట్టులో హైదరాబాదు నీళ్ళు తాగినవాళ్ళు ఎందరు! నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడ పిల్లవాడు తులసీదాస్ బలరాం, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్. హంగరీవాళ్ళు 1953లో ఇంగ్లండును వెంబ్లీలో 6-3తో చిత్తుచేసిన ఆటను ఆకళింపు చేసుకొని, మధ్య ఫార్వర్డును కొంచెం వెనక్కి దించి ఆడించే పద్ధతి రహీం సాహెబు మన జట్టుకు నేర్పినారు. బ్రెజిల్ 1958లో లోకానికి చూపించిన 4-2-4 వరుసకు దగ్గరి ఆట రెండేండ్ల ముందే మనవాళ్ళు ఆడినారని క్రీడా చరిత్రకారులు రాసినారు. విదేశీ కోచి లేడు. ఉర్దూలో చదువుకున్న ఒక పంతులు, సుద్దముక్క, నల్లబల్ల.

జకార్తా సంగతి సినిమా చూసినవారికి తెలుసు గనుక క్లుప్తంగా చెబుతాము. 1962 సెప్టెంబరు 4న ఫైనలు. స్టేడియం నిండా మన దేశం మీద కోపంగా ఉన్న జనం. ఎదుట దక్షిణ కొరియా, మొదటి మ్యాచిలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ ఒక గోలు, 2-1తో బంగారం మనది. ముందు రాత్రి మాస్టారు ఆటగాళ్ళను పిలిచి, రేపు మీరు నాకొక కానుక ఇవ్వాలి, బంగారు పతకం, అన్నారని ఆటగాళ్ళు తరవాత చెప్పుకున్నారు. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సరు ఉంది. 1963 జూన్ 11న కన్నుమూసినారు. యాభై నాలుగు నిండలేదు.

ఆ తరవాత? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకు ముందు 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాదు పేరుతో గెలిచినది ఇదే. ఆ 65-66 గెలుపే చివరిది అయింది. మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్ వంటి మేటి ఆటగాళ్ళు కలకత్తా వెళ్ళిపోయినారు. తప్పు పట్టలేము, కలకత్తాలో డబ్బు, జనం, పేరు మూడూ ఉన్నవి. నయీముద్దీన్ 1970 ఏషియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెను. హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఆడిన కాస్మాస్ జట్టు మీద ఆడినాడు, ఆ మ్యాచి 2-2. ఇద్దరూ హైదరాబాదు గల్లీల పిల్లలే. కాని హైదరాబాదు గల్లీల్లో బంతి చప్పుడు తగ్గుతూ పోయింది.

ఎందుకు తగ్గింది అని చాలామంది చాలా చెబుతారు. క్రికెట్టు వచ్చింది, మైదానాల్లో కట్టడాలు లేచినవి, టీవీ వచ్చింది. ఇవన్నీ నిజమే గాని మాకు తోచిన కారణం వేరే. ఆట వెనక ఉన్న కొలువు పోయింది, ఆట ముందున్న బడి పోయింది. పోలీసు జట్టులో చోటు దొరికితే జీవితం గట్టెక్కుతుందని తెలిసినన్నాళ్ళు తండ్రులు పిల్లల్ని మైదానానికి పంపినారు. ఆ నమ్మకం సడలగానే ఆటో తోలడానికీ, ఖలీజు పోవడానికీ పంపినారు. రెండోది, రహీం సాహెబు ఒక్కరే బడిలోనూ, సంఘంలోనూ, జట్టులోనూ ఉన్నారు. మూడు పనులూ ఒక మనిషి భుజాల మీద నిలిచినవి. ఆ మనిషి పోగానే మూడు ముక్కలైనవి. ఇది ఆయనను తక్కువ చేయడం కాదు. ఒక్కరి మీద అంత బరువు పెట్టిన మనందరి సంగతి.

మధ్యలో ఆశ కలిగిన మాట కూడా చెప్పాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్బు పెట్టినారు, 2022 మార్చిలో గోవాలో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచినారు. బంధువుల పిల్లలు మాకు ఫోన్లో ఆ వీడియోలు పంపినారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. యజమానిది అయిన జట్టు యజమాని వెంట పోతుంది, ఆశ్చర్యమేముంది? పోలీసు జట్టు ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే ఆ ఆటగాళ్ళ ఇళ్ళు అక్కడే ఉండినవి.

ఇక మన దగ్గరికి వస్తే, మేము పాఠం చెప్పే బడిలో సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు బ్యాటు పట్టుకుంటారు. ఒక బ్యాటు, ఒక బంతి, ఇరవై మంది. ఆడేది ఇద్దరు, మిగిలినవారు తమ వంతు కోసం ఎండలో నిలబడతారు. ఫుట్‌బాల్ అయితే ఇరవై మందీ ఒకేసారి పరుగెత్తవచ్చునని డ్రిల్లు మాస్టారితో అంటే "మన రాళ్ళ నేల మీద బంతి నెల రోజులు కూడా ఉండదండీ" అన్నారు. అదీ నిజమే. పలకల రాయి పండే నేల మనది, పచ్చికకు నీళ్ళెక్కడివి? అయితే మాస్టారి తొలి శిష్యులు ఆడింది కూడా పచ్చిక మీద కాదు, హైదరాబాదు మొరం నేల మీద, ఉత్తకాళ్ళతో. నేల గట్టిదైతే బంతి తొందరగా పోతుంది, తొందరగా ఇవ్వక తప్పదు. ఆ పొట్టి పాసుల ఆట అటువంటి నేలకు సరిగ్గా సరిపోయింది.

మన సంఘం ఏటా నోటు పుస్తకాలు, యూనిఫారాలు ఇస్తున్నది. ఆ జాబితాలో నాలుగు బంతులు చేర్చమని కార్యవర్గానికి ఈ సంవత్సరం విడిగా అర్జీ పెట్టినాము. ఆడపిల్లలకు కూడా రెండు. అనంతపురం వైపు ఆర్.డి.టి. వారు పల్లెటూరి ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తున్నారు. మనం కొత్తగా దారి తొక్కవలసింది కూడా లేదు.

ఇంకొక విన్నపం. ఆ జట్టు మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయినారు. జుల్ఫికరుద్దీన్ 2019లో, రహీం సాహెబు కుమారుడు, తానూ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు అయిన ఎస్.ఎస్. హకీం 2021లో, బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే యేడు ఆగస్టులో. మన కుటుంబాల్లో 1956 తరవాత హైదరాబాదులో పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, బడుల్లోనో పనిచేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. వారిలో ఎవరైనా ఆ మ్యాచిలు కళ్ళారా చూసి ఉంటే, ఇంట్లో పాత ఫొటోగాని, టిక్కెట్టు ముక్కగాని, ఉర్దూ పత్రిక కత్తిరింపుగాని ఉంటే సంఘం కార్యాలయంలో ఇవ్వగోరుతున్నాము. రాయడం రానివారు చెబితే మేమే వచ్చి రాసుకుంటాము. ఆదివారం పొద్దున అయితే మాకు వీలు.